48కె స్పెక్ట్రమ్‌లో ఒక్క భాగాన్ని మార్చే వీలుంటే మీరు దేన్ని మారుస్తారు?

మల్లేశ్వరం_మాధవ

మా మామయ్య 1984లో లండన్ నుంచి వస్తూ తెచ్చిన 48 కిలోబైట్ల జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటరును పోయిన నెల అటక మీది నుంచి దించాను. చిన్న మరమ్మతు తర్వాత అది మళ్లీ పనిచేస్తోంది. దాని మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టగానే, చిన్నప్పుడు నన్ను ఏడిపించిన ఇబ్బందే మళ్లీ ఎదురైంది. తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు ఉన్నా, రంగులు మాత్రం 8×8 చుక్కల గడికి రెండే దక్కుతాయి. దసరా బొమ్మల కొలువును గీస్తున్నప్పుడు, నీలి కృష్ణుడి చేయి పక్క గడిలోని అమ్మవారి ఆకుపచ్చ చీర మీదికి ఒక్క చుక్క జరిగినా చీర అంచంతా నీలమైపోతుంది. కృష్ణుణ్ణి పక్కకు జరుపుదామంటే ఆ మెట్టు మీద ఉన్న బొమ్మలన్నిటినీ జరపాలి.

అందుకే ఇక్కడి సభ్యులను అడుగుతున్నాను. ఈ యంత్రంలో ఒక్క భాగాన్ని మార్చే వీలుంటే మీరు దేన్ని మారుస్తారు? నావి రెండు షరతులు. ఆ మార్పు 1982లో దొరికే విడిభాగాలతోనే సాధ్యం కావాలి. అప్పటికే రాసిన ప్రోగ్రాములు ఏ తేడా లేకుండా నడవాలి. పాత యంత్రాన్ని అనుకరించే కొత్త ఎఫ్‌పీజీఏ బోర్డు కొనుక్కోమనే సలహా నాకు వద్దు. నా ఓటు గడికి రెండు రంగుల నియమాన్ని మార్చడానికే.

జెడ్80_చక్రి

కీబోర్డును మార్చాలి. ఆ రబ్బరు మీటలను నొక్కినప్పుడు అక్షరం పడిందో లేదో వేలికి తెలియదు కనుక, ప్రతి అక్షరానికీ తెర వైపు చూడవలసి వస్తుంది. ఉన్నవి 40 మీటలే కావడంతో ఒక్కొక్క మీటకు ఐదారు అర్థాలు అంటగట్టారు. పుస్తకంలో చూసి రెండు పేజీల ప్రోగ్రాము ఎక్కించిన వారెవరూ రంగుల గురించి ముందుగా ఫిర్యాదు చేయరని నా నమ్మకం.

ఎస్‌పీరోడ్_బాషా

చక్రి గారితో ఏకీభవించలేను. మీటల కింది పలచని పొర చిట్లిపోతే కొత్తది దొరుకుతుంది, పావుగంటలో మార్చవచ్చు. 1984 అక్టోబరులో వచ్చిన స్పెక్ట్రమ్ ప్లస్‌కు గట్టి ప్లాస్టిక్ మీటలు పెట్టినా, వాటి కింద ఉన్నది మళ్లీ పొరే. అది అరిగిపోయే భాగమే తప్ప, యంత్రాన్ని చంపే భాగం కాదు.

యంత్రాన్ని చంపేది కింది 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. అక్కడ వాడిన 8 చిప్‌లు 4116 రకానివి. వాటికి +5, +12, −5 అని మూడు వోల్టేజీలు కావాలి. బయటి అడాప్టరు ఇచ్చేది 9 వోల్టులే కనుక, మిగిలిన రెంటినీ బోర్డు మీద ఒక ట్రాన్సిస్టరు, ఒక చిన్న కాయిలు కలిసి తయారు చేస్తాయి. అందులో −5 వోల్టులు తప్పిపోయి +12 నిలిచిపోతే ఆ చిప్‌లు మాడిపోతాయి. ఇరవై ఏళ్లుగా నా బల్ల మీదికి వచ్చిన స్పెక్ట్రమ్‌లలో ఎక్కువ వాటి జబ్బు ఇదే. తెర మీద నిలువు చారలు కనిపిస్తే నేను ముందుగా చూసేది టీఆర్4 అనే ఆ ట్రాన్సిస్టరునే.

ఒక్క 5 వోల్టులతో నడిచే 4164 చిప్‌లను వాడి ఉంటే ఈ బాధంతా తప్పేది. నా ఓటు దానికే.

మల్లేశ్వరం_మాధవ

బాషా గారు చెప్పినది అక్షరాలా నిజం. మా యంత్రం మొదట చూపించినవి ఆ చారలే. టీఆర్4తో పాటు రెండు 4116 చిప్‌లు మార్చాక ప్రాణం పోసుకుంది. అయితే మరమ్మతును, మెరుగుదలను ఒకే గాటన కట్టవచ్చా అన్నది నా సందేహం.

ఎస్‌పీరోడ్_బాషా

కట్టవచ్చు. బతికి ఉన్న యంత్రానికే రంగులు అవసరం.

తాంబరం_వేణు

నేను చెన్నై నుంచి రాస్తున్నాను. మీరందరూ పైపై భాగాలను చూస్తున్నారు కానీ, అసలు లోపం ప్రాసెసరుకూ తెరకూ మధ్య జరిగే పోట్లాటలో ఉంది. ప్రాసెసరైన జెడ్80 వేగం సెకనుకు 35 లక్షల గడియార స్పందనలని కాగితం మీద గొప్పగా కనిపిస్తుంది. కానీ కింది 16 కిలోబైట్లను తెరను గీసే యూఎల్‌ఏ చిప్ కూడా చదువుతుంది. అది తెరను గీస్తున్నప్పుడు ప్రాసెసరు ఆ భాగాన్ని తాకబోతే దాన్ని కాసేపు ఆపి ఉంచుతుంది. ఒక్కో తెరకు 69,888 స్పందనలు ఉంటే, 192 గీతల్లో గీతకు 128 చొప్పున, అంటే 24,576 స్పందనల పాటు ఈ అడ్డంకి ఉంటుంది. ఆ సమయంలో కింది జ్ఞాపకశక్తిని తాకిన ప్రతిసారీ ఆరు స్పందనల దాకా నష్టపోవచ్చు.

నేను చదువుకున్న బడికి బడుల్లో కంప్యూటర్లు నేర్పే 1984 నాటి క్లాస్ పథకం కింద బీబీసీ మైక్రో అనే కంప్యూటరు వచ్చింది. దానిలో ప్రాసెసరు 2 మెగాహెర్ట్జ్‌లతో నడుస్తుంది, జ్ఞాపకశక్తి మాత్రం 4 మెగాహెర్ట్జ్‌ల వేగాన్ని అందుకోగలదు. ఒక వంతు ప్రాసెసరుకు, ఒక వంతు తెరకు చొప్పున పంచుకోవడం వల్ల ఎవరూ ఎవరి కోసమూ ఆగరు. స్పెక్ట్రమ్‌లో నేను కోరుకునే మార్పు అదే.

రేఖాచిత్రం_రఘు

వేణు గారూ, బీబీసీ మైక్రో మోడల్ బీ అప్పటి ధర 399 పౌండ్లు. స్పెక్ట్రమ్ 1982 ఏప్రిల్‌లో విడుదలైనప్పుడు 16కె ధర 125 పౌండ్లు, 48కె ధర 175 పౌండ్లు. అంత వేగం గల చిప్‌లను వాడి ఉంటే మాధవ గారి మామయ్య ఆ యంత్రాన్ని కొనేవారు కారేమో.

ఇంకొక చిక్కు ఉంది. మీ కోరిక మాధవ గారి రెండో షరతుకు విరుద్ధం. తెర మీద కిరణం ఎక్కడ ఉందో స్పందనలు లెక్కపెట్టుకుని, అది గడిలో తర్వాతి గీతకు రాకముందే రంగు మార్చేసే ప్రోగ్రాములు చాలానే ఉన్నాయి. వాటి లెక్కంతా ఆ ఆలస్యాలతో కలిపి వేసిందే. ఆలస్యం తీసేస్తే లెక్క తప్పుతుంది. రష్యాలో తయారైన పెంటగాన్ నకలు యంత్రాల్లో ఈ ఆపుదల లేదు. అలా లెక్క కట్టిన ప్రోగ్రాముల రంగులు వాటిలో చెదిరిపోవడం నేను స్వయంగా చూశాను.

ఇక మాధవ గారి రంగుల విషయానికి వస్తే, ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. యూఎల్‌ఏ ఒక గడి రంగును ఒక్కసారి చదివి దాచుకోదు. ఆ గడిలోని 8 గీతల్లో ప్రతి గీతకూ చుక్కల బైటు ఒకటి, రంగు బైటు ఒకటి చొప్పున మళ్లీ మళ్లీ చదువుతుంది. అంటే ఒకే రంగు బైటును ఎనిమిదిసార్లు చదువుతోంది. ప్రతి గీతకూ వేరే రంగు బైటును చూపించడానికి అదనపు వేగం అక్కర్లేదు, చిరునామా కట్టే పద్ధతిని మారిస్తే చాలు.

మల్లేశ్వరం_మాధవ

రఘు గారి మాట చదివి చాలాసేపు ఆలోచించాను. ఎనిమిదిసార్లు చదువుతూ కూడా ఒకే రంగు ఇచ్చారంటే, మరి ఎందుకు అలా వదిలేశారు?

రేఖాచిత్రం_రఘు

స్థలం లేక వదిలేశారు. ఇప్పుడు చుక్కలకు 6,144 బైట్లు, రంగులకు 768 బైట్లు కలిపి తెరకు 6,912 బైట్లు పోతున్నాయి. గీతకొక రంగు పెడితే రంగులకే మరో 6,144 బైట్లు కావాలి, మొత్తం 12,288 అవుతాయి. అప్పుడు 125 పౌండ్ల యంత్రం కొన్నవారికి 16,384 బైట్లలో మిగిలేవి 4,096 మాత్రమే. అందులో యంత్రంలోనే ఉండే ప్రోగ్రాము భాష బేసిక్ తన సొంత లెక్కలకు వాడుకునేది పోతే ప్రోగ్రాముకు మిగిలేది మరీ స్వల్పం. చౌక యంత్రాన్ని అమ్మాలన్న నిర్ణయమే మీ కృష్ణుడి చేతిని అమ్మవారి చీరలో ఇరికించింది.

కానీ 48కె యంత్రంలో దీన్ని ఐచ్ఛికంగా పెట్టవచ్చు. పోర్చుగల్‌లో టైమెక్స్ తయారుచేసిన టీసీ 2048 అనే కంప్యూటరు చేసింది అదే. మామూలుగా స్పెక్ట్రమ్‌లాగే నడుస్తుంది. 255వ పోర్టుకు, అంటే చిప్‌కు ఆదేశం పంపే ద్వారానికి, ఒక అంకె పంపితే, 24576 చిరునామా నుంచి మొదలయ్యే రెండో 6,144 బైట్లను గీతవారీ రంగులుగా వాడుకుంటుంది. మీ రెండు షరతుల్లో రెండోది పూర్తిగా నెరవేరుతుంది. మొదటిదానికి యూఎల్‌ఏలో మరికొన్ని గేట్లకు చోటుండాలి. ఫెరాంటీ వారి ఆ చిప్ అప్పటికే కిక్కిరిసి ఉంది. మొదటి విడత బోర్డుల్లో యూఎల్‌ఏ తప్పును దిద్దడానికి మరో చిప్‌ను కాళ్లు పైకి పెట్టి అతికించారు. దాన్ని ఈ రంగంలోని వారు చచ్చిన బొద్దింక అని పిలుస్తారు.

జెడ్80_చక్రి

ఆ బొద్దింకను నేను ఫొటోలో చూశాను. పేరు సరిగ్గానే కుదిరింది.

అక్షర_శిల్పి

టైమెక్స్ ప్రస్తావన వచ్చింది కాబట్టి నా కోరిక చెబుతాను. నాకు రంగులు వద్దు, అడ్డంగా 512 చుక్కలు కావాలి. టీసీ 2048లో అదే రెండో 6,144 బైట్లను రంగులకు బదులు చుక్కలుగా వాడుకునే పద్ధతి కూడా ఉంది. అప్పుడు తెర మొత్తానికి రెండే రంగులు, కానీ గీతకు 512 చుక్కలు వస్తాయి.

ఎందుకంటే నేను 1987 నుంచి ఈ యంత్రం మీద తెలుగు రాయడానికి ప్రయత్నిస్తున్నాను. సొంతంగా గీసుకునే అక్షరాలకు స్పెక్ట్రమ్ ఇచ్చే గడులు 21 మాత్రమే. అవి అచ్చులకూ కొన్ని గుణింతపు గుర్తులకూ చాలవు. 23606 చిరునామాలోని విలువను మార్చి, మొత్తం 96 అక్షరాల పట్టికను మనం గీసినదాని వైపు తిప్పుకోవచ్చు కనుక సంఖ్య సమస్య కాలేదు. కొలత సమస్య అయింది. 8×8 గడిలో తలకట్టుకు రెండు గీతలు పోతే మిగిలిన ఆరింటిలో ఘ, ఝ ఎలా గీయాలి? వత్తును ఎక్కడ పెట్టాలి?

చివరికి నాలుగు గడులను కలిపి ఒక అక్షరం చేశాను, అంటే 16×16. చదవడానికి బాగానే ఉంది కానీ వరుసకు 16 అక్షరాలే పడతాయి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. పద్యపాదాన్ని విరచకుండా చూపించలేని తెరతో తెలుగువాడు ఏం చేసుకోవాలి? మా నాన్నగారికి ఆయన రాసుకున్న పద్యాలను ఆ తెర మీద చూపించాలని ఆశపడ్డాను. పాదం విరిగి చివరి అక్షరాలు రెండో వరుసలోకి పోవడం చూసి ఆయన ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

బసవనగుడి_శారద

అక్షరశిల్పి గారి పోస్టు చదివాక నా కోరిక రాయాలా వద్దా అని సంకోచించాను, అయినా రాస్తున్నాను. నాకు మరో స్వరం కావాలి.

స్పెక్ట్రమ్‌లో ధ్వని అంటే 254వ పోర్టులోని ఒకే ఒక్క బిట్టు. బీప్ ఆదేశం నడుస్తున్నంతసేపూ యంత్రం మరే పనీ చేయదు. అయితే బీప్‌లో ఒక మంచి గుణం ఉంది, స్వరస్థానాన్ని దశాంశాలతో ఇవ్వవచ్చు. నేను మాయామాళవగౌళలో సరళీ వరుసలను దానితోనే మా పిల్లలకు వాయించి చూపించాను, రిషభం ఎంత కిందికి ఉండాలో దశాంశంతో సరిదిద్దుకున్నాను. కానీ వెనుక తంబుర శ్రుతి లేకుండా అది గాలిలో వేలాడుతున్నట్లు ఉంటుంది. ఒకే బిట్టుతో షడ్జ పంచమాలను మోగిస్తూ పైన స్వరం పాడించడం బేసిక్‌లో సాధ్యం కాదు.

తర్వాత వచ్చిన స్పెక్ట్రమ్ 128లో ఏవై-3-8912 చిప్ పెట్టారు. దానికి మూడు గొంతులు ఉన్నాయి. ఒకసారి విలువలు ఇస్తే ప్రాసెసరు తోడు లేకుండానే అది మోగుతూ ఉంటుంది. రెండు గొంతులను శ్రుతికి, ఒకదాన్ని స్వరానికి కేటాయించవచ్చు. మధ్య షడ్జాన్ని సుమారు 262 హెర్ట్జ్‌ల దగ్గర పెట్టుకుంటే, ఆ చిప్ ఒక్కో మెట్టులో అరస్వరంలో దాదాపు ఇరవై ఐదో వంతు జరగగలదు. గమకానికి అది చాలదని అనేవారు ఉంటారు. నా చెవికి మాత్రం సరిపోయింది. ఆ చిప్ 1982 నాటికే మార్కెట్లో ఉంది కాబట్టి మాధవ గారి షరతు తప్పలేదు.

తాంబరం_వేణు

రఘు గారి ఆక్షేపణను ఒప్పుకుంటున్నాను. రంగుల లెక్కలు వేసుకున్న ప్రోగ్రాములు చెదిరిపోతే షరతు తప్పినట్లే. అయితే ఎస్‌పీ రోడ్ బాషా గారు అడిగిన 4164 చిప్‌ల మాటలో కూడా ఖర్చు లెక్క ఉంది. పై 32 కిలోబైట్ల కోసం కంపెనీ వాడినవి సగం పాడైన 64 కిలోబిట్ల చిప్‌లే. పని చేసే సగాన్ని వాడుకుని చౌకగా బయటపడ్డారు. మంచివి కొనగలిగి ఉంటే ఆ దారి పట్టేవారే కారు.

ఎస్‌పీరోడ్_బాషా

ఆ మాట నిజమే. ఆ చిప్‌లలో పైసగం మంచిదా కిందిసగం మంచిదా అన్నది బోర్డు మీద ఒక తీగతో ఎంచుకోవాలి. మార్చేటప్పుడు దాన్ని గమనించకపోతే కొత్త చిప్ వేసినా పనిచేయదు.

టేపు_చుట్ట

మీరెవరూ కరెంటు మాట ఎత్తలేదు. 48 కిలోబైట్ల ప్రోగ్రాము టేపు నుంచి ఎక్కడానికి దాదాపు ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాల్లో మా జయనగర్ ఇంట్లో కరెంటు పోయిన రోజులు నేను లెక్కపెట్టలేదు. ఒక ఆదివారం మా అక్క, నేను కలిసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక లెక్కల ప్రోగ్రాము ఎక్కించి, దాచుకోవడానికి టేపు పెడుతుండగా దీపాలు ఆరిపోయాయి. మా అక్క మళ్లీ ఎప్పుడూ ఆ యంత్రం ముందు కూర్చోలేదు.

నా కోరిక చిన్నది. బ్యాటరీ ఆధారంతో నిలిచే 8 కిలోబైట్ల స్టాటిక్ జ్ఞాపకశక్తి ఒక్కటి చాలు. మైక్రోడ్రైవ్ ఉంది కదా అంటారేమో, సుమారు 85 కిలోబైట్లు పట్టే ఆ సన్నని టేపు చుట్టలను నేను వాడాను, టేపు సాగిపోయి పోగొట్టుకున్నవి కూడా ఉన్నాయి.

జెడ్80_చక్రి

టేపు చుట్ట గారి పోస్టు చూశాక నా ఓటు మార్చుకుంటున్నాను. యంత్రం స్తంభించిపోయినప్పుడు 48కెకు రీసెట్ మీట కూడా లేదు, ప్లగ్గు లాగవలసిందే. అలా లాగినప్పుడల్లా బాషా గారు చెప్పిన ఆ 4116 చిప్‌లకు దెబ్బ తగులుతుంది.

నిజానికి ఒక దారి ఉండేది. జెడ్80కి ఎన్‌ఎంఐ అనే కాలు ఉంది. దాన్ని ఒక మీటకు కలిపితే, ఏ ప్రోగ్రాము నడుస్తున్నా ఆపి మన సొంత రొటీన్‌కు వెళ్లవచ్చు. రామ్‌లో 23728 చిరునామాలో మన రొటీన్ ఎక్కడుందో పెట్టుకోవడానికి చోటు కూడా ఇచ్చారు. కానీ యంత్రపు శాశ్వత ప్రోగ్రాము ఉండే రోమ్‌లో 109వ చిరునామా దగ్గర పరీక్ష తలకిందులైంది. అక్కడ మనం ఏ చిరునామా పెట్టినా పట్టించుకోకుండా వెనక్కి వెళ్లిపోతుంది. సున్నా పెడితేనే దూకుతుంది, అదీ సున్నాకే, అంటే యంత్రం మొదటికి వస్తుంది. ఆ చిరునామాలో 32 ఉంది, 40 ఉండాలి. ఆ రెంటికీ తేడా ఒకే ఒక్క బిట్టు. నా కొత్త ఓటు ఆ బిట్టుకు, దానితో పాటు పెట్టె పక్కన ఒక మీటకు.

రేఖాచిత్రం_రఘు

రోమ్‌లోని బిట్టు హార్డ్‌వేరా అని అడిగేవారు ఉంటారు. చిప్‌లో శాశ్వతంగా అచ్చుపడిన బిట్టును మార్చాలంటే చిప్‌నే మార్చాలి కాబట్టి నేను ఒప్పుకుంటాను.

అక్షరశిల్పి గారికి ఒక హెచ్చరిక. 256 చుక్కలకే యూఎల్‌ఏ సెకనుకు 70 లక్షల చుక్కలు పంపుతోంది. 512 అంటే కోటీ 40 లక్షలు. ఒకటి విడిచి ఒకటి వెలిగే చుక్కలను చూపాలంటే 7 మెగాహెర్ట్జ్‌ల వెడల్పు కావాలి. మన పాత దూరదర్శన్ పద్ధతిలో చిత్రానికి దక్కినది 5 మెగాహెర్ట్జ్‌లే. యాంటెనా తీగ ద్వారా టీవీకి పంపితే మీ అక్షరాల సన్నని గీతలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మీ కోరిక నెరవేరాలంటే ముందు మానిటరుకు నేరుగా వెళ్లే తీగ కావాలి.

ఎస్‌పీరోడ్_బాషా

ఆ తీగ లేకపోవడం వేరే పెద్ద బాధ. స్పెక్ట్రమ్ పంపేది యూహెచ్‌ఎఫ్ 36వ ఛానెల్ మీద. మా ఇంట్లోని పాత టీవీకి వీహెచ్‌ఎఫ్ ఛానెళ్లే ఉండేవి. నేను మొదట నేర్చుకున్న సోల్డరింగ్ పని చిత్రాన్ని టీవీ ఛానెల్‌గా మార్చే ఆ మాడ్యులేటరు డబ్బాలోని తీగను విప్పి, లోపలి వీడియో సంకేతాన్ని నేరుగా బయటికి తీయడమే. ఇప్పటికీ ఎవరు తెచ్చినా మొదట అదే చేసి ఇస్తాను. ఖర్చు ఒక తీగ, ఒక కెపాసిటరు.

మల్లేశ్వరం_మాధవ

నా యంత్రానికి కూడా బాషా గారు చెప్పిన మార్పు చేసి చూశాను, కొలువు బొమ్మల అంచులు చాలా స్పష్టంగా వచ్చాయి. ఆ తర్వాత పాత యంత్రాలను అనుకరించే ఎమ్యులేటరు ప్రోగ్రాములో టీసీ 2048ను పెట్టుకుని, నా కోరికను కాకుండా అక్షరశిల్పి గారి కోరికను పరీక్షించాను.

మొదట 16×16 గడిలో స్త్రీ అనే అక్షరం గీశాను. గుడిదీర్ఘం పైగీతకు తగులుతోంది, తవత్తు కింద రవత్తుకు చోటు లేక కింది వరుస తలకట్టులోకి దిగిపోతోంది. అప్పుడు 24×24 గడి తీసుకున్నాను. 512 చుక్కల పద్ధతిలో చుక్క వెడల్పు సగమే కనుక, అడ్డంగా 24 చుక్కలు, నిలువుగా 12 గీతలు కలిస్తే దాదాపు గుండ్రని అక్షరం వస్తుంది. పైన 4 గీతలు తలకట్టుకు, కింద 8 గీతలు వత్తులకు మిగిలాయి. స్త్రీ పూర్తిగా ఇమిడింది, గది అవతలి నుంచి కూడా చదవగలిగాను.

512ను 24తో భాగిస్తే 21 వస్తుంది. నిలువుగా 8 వరుసలు వస్తాయి. చంపకమాల పాదం ఒక్క అక్షరం కూడా మిగలకుండా, తగ్గకుండా ఒకే వరుసలో పట్టింది. తెరకు రెండు పద్యాలు. రంగుల మీద వేసిన నా ఓటును వెనక్కి తీసుకుంటున్నాను.

అక్షర_శిల్పి

మీ పోస్టును నాలుగుసార్లు చదివాను. 24 చుక్కల గడి నాకు ఎన్నడూ తట్టలేదు, 8 గుణిజాల్లో రెండు గడులు దాటి ఆలోచించలేదు. అయితే 24576 నుంచి తెరకు ఇచ్చేస్తే, బేసిక్ ప్రోగ్రాము మొదలయ్యేది 23755 దగ్గరే కాబట్టి, దాన్ని 30720కి పైకి జరపాలి. అది నేను రాసి పెడతాను. హల్లులన్నీ 24 చుక్కల్లో గీసిన పట్టిక మీ దగ్గర ఉంటే ఇక్కడ ఉంచండి. వత్తుల పట్టిక నేను మొదలుపెడుతున్నాను. మా నాన్నగారి నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, మొదటి పద్యం చంపకమాలే.